రాకుమారుడి కొత్త కాపురం

నాటకం పాతబడితే మళ్లీ ఆడవచ్చు. వేషాలు వేసేవాళ్లు మారతారు, తెరలు మారతాయి, హార్మోనియం పోయి మరో వాద్యం వస్తుంది. పద్యం మాత్రం పద్యంగానే వుంటుంది. పుస్తకం పాతబడితే పురుగు కొట్టిన పుటలు వదిలేసి మిగతావి చదువుకొంటాం. సినిమా రీలు మీద గీతలు పడ్డా బొమ్మ కనిపిస్తూనే వుంటుంది. కంప్యూటరు ఆట సంగతి వేరు. దాని వొంటి మీద ఒక్క గీత పడదు, ఒక్క అక్షరం చెరగదు. ముప్పై ఏళ్ల కిందట ఎలా వుందో ఇవాళా అలాగే వుంటుంది. అయినా ఆడదు! మారింది అది కాదు, దాని కిందనున్న నేల. మా సత్తెనపల్లి 2022లో అంగుళమైనా కదలకుండా గుంటూరు జిల్లాలోంచి పల్నాడు జిల్లాలోకి వెళ్లిపోయింది చూశారూ, కాస్త అలాంటిదే. కాకపోతే మా ఊరికి ఉత్తరాలు చేరుతూనే వున్నాయి. ఆటకు మాత్రం విలాసం మారడంతో అన్నీ బందయినాయి.

ఆటకు విమర్శ ఏమిటి, అదీ నా వయసులో, అని మా వారు ఇప్పటికి రెండుసార్లు పేపరు దించి చూశారు. ఎందుకుండకూడదు? వైకుంఠపాళి పటం గీసిన మహానుభావుడెవరో గాని, నిచ్చెనలకన్నా పాముల్నే గుర్తుంచుకొనేట్టు చేశాడు. గవ్వలు విసిరే మనందరికీ ఆ సంగతి తెలుసు. ఫలానా గడిలో పెద్దపాము వుండటం న్యాయమా అన్యాయమా అని పోట్లాడుకొన్న ప్రతి పిల్లా ఆటల విమర్శకురాలే. నేను చేయబోయేదీ అదే పని.

నేను చెప్పే ఆట పేరు 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా'. జోర్డన్ మెక్నర్ అనే అమెరికా కుర్రవాడు దాదాపు ఒంటిచేత్తో రాసి 1989లో యాపిల్ టూ అనే యంత్రం మీద విడుదల చేశాడు. మరుసటి ఏడు మన ఇళ్లకు వచ్చిన రకం కంప్యూటర్లకు, అంటే డాస్ యంత్రాలకు, తర్జుమా అయింది. తొంభైల్లో కంప్యూటర్ నేర్పే సంస్థల గదులు గుర్తున్నాయా? బయట ఎండకు మిరపకాయలు కరకరలాడుతూ వుంటే లోపల ఏసీ. చెప్పులు గుమ్మం బయట. ఆ గదుల్లో పాఠం అయిపోయాక పిల్లలు గుట్టుగా ఆడుకొన్న ఆటల్లో ఇది ముందు వరసలోది.

మా ఇంటికీ ఒక పాత కంప్యూటరు వచ్చింది. జిన్నింగు మిల్లుల నుంచి ఎగిరే దూది నుసి పడకుండా దానికి పువ్వుల గుడ్డతో గౌను కుట్టింది నేను. వారం వారం ఆ గౌను ఉతికింది నేను. దాన్ని ముట్టుకోవడానికి మాత్రం నాకు అనుమతి లేదు. "అమ్మా, నువ్వు పట్టుకొంటే పాడవుతుంది" అని మా పెద్దాడి శాసనం. గ్రైండరూ మిక్సీ నా చేతిలో పాడుకాలేదు గాని ఇదొక్కటి పాడవుతుందట! ఆటను ఆ రోజుల్లో నేను వాడి భుజం వెనక నుంచి, చేతిలో గరిటెతో, చూశానంతే. తెల్ల దుస్తుల కుర్రవాడు చెరసాలలో పరుగెత్తడం, గోతిలో మేకుల మీద పడి చావడం, మళ్లీ లేవడం. అంత అందంగా పరుగెత్తే బొమ్మను నేను అంతకుముందు చూడలేదు.

మొన్న మా అక్క కొడుకు కొత్త లాప్‌టాప్‌తో వచ్చినప్పుడు, ఆ ఆట పెట్టరా అన్నాను. "పిన్నీ, నీకెందుకే అది?" అన్నాడు గాని, పెట్టాడు. పెడితే ఏమైంది? ఈ యాప్ మీ పీసీలో నడవదని ఒక పలక వచ్చి నిలబడింది. వాడు చెప్పిందాన్ని బట్టి సంగతేమిటంటే, ఆ కాలం ప్రోగ్రాములు పదహారు బిట్ల భాషలో రాసినవి. ఇప్పటి అరవైనాలుగు బిట్ల విండోస్ ఆ భాషను పూర్తిగా వదిలేసింది. ఇంటికి పెద్దావిడ వచ్చి మాట్లాడుతూ వుంటే, ఆవిడ మాట తెలిసినవాళ్లు ఆ ఇంట్లో ఒక్కరూ లేకపోవడమన్నమాట.

దీనికి విరుగుడుగా 2002 నుంచీ 'డాస్‌బాక్స్' అని ఒక ఉచిత సాధనం వుంది. దాన్ని వివరించడానికి మా అత్తగారిని తీసికొని రావలసి వస్తోంది. ఆవిడ దాలిలో కాగిన పాలు తప్ప తాగేవారు కారు. పిడకల సెగ మీద పొద్దస్తమానం కాగి, ఎర్రగా, మందంగా మీగడ కట్టిన పాలు. పట్నం వాటాలో దాలి ఎక్కడ పెట్టను? గ్యాసు పొయ్యి సన్నగా పెట్టి, మట్టికుండలో గంటల తరబడి కాచి, ఆవిడ గ్లాసులోనే పోసి ఇచ్చేదాన్ని. ఆవిడకు కావలసింది పిడకలు కాదు గదా, పాలు అలా వుండటం. డాస్‌బాక్స్ చేసేదీ ఇదే. కొత్త యంత్రం లోపల ఒక పాత యంత్రాన్ని నటిస్తుంది. పాత ప్రాసెసరు, పాత తెర, పాత సౌండు కార్డు అన్నీ అభినయమే. తెర మీద జడ్ అనే అక్షరంతో ఒక నల్లకిటికీ తెరుచుకొంటుంది. ఫలానా ఫోల్డరే నీ సి డ్రైవు అని దానికి ఒక అబద్ధం చెప్పాలి. పాపం, నమ్ముతుంది. ఆట మేలుకొని, ఇది ఇంకా 1990 అనుకొని ఆడటం మొదలుపెడుతుంది.

అబద్ధం చెప్పినంత మాత్రాన అతికినట్టు వుండదు లెండి. వేగం సంగతి చూడండి. దాగుడుమూతల్లో దొంగ కళ్లు మూసుకొని వంద లెక్కపెట్టాలి, ఆలోగా మిగతావాళ్లు దాక్కోవాలి. 1981లో వచ్చిన మొదటి ఐబీఎం పీసీ వేగం 4.77 మెగాహెర్ట్జ్. ఆ కాలపు ఆటలు కొన్నింటిలో కాసేపు ఆగు అని చెప్పడానికి యంత్రం చేత ఊరికే అంకెలు లెక్కపెట్టించేవారు. ఇప్పటి యంత్రం ఎవరూ గడప దాటకముందే ఆ వంద ముగించి కళ్లు తెరుస్తుంది! బొమ్మలు కంటికి ఆనకుండా పరుగెత్తుతాయి, ఆట మొదలవుతూనే ముగుస్తుంది. అందుకే వెనకటి డబ్బాల మీద 'టర్బో' అని ఒక మీట పెట్టారు. పేరు టర్బో అయినా, దాని అసలు ప్రయోజనం అవసరమైనప్పుడు వేగం తగ్గించడం. డాస్‌బాక్స్‌లో ఆ పని కంట్రోల్ నొక్కిపట్టి ఎఫ్ 11 కొడితే అవుతుంది. ఎఫ్ 12 కొడితే మళ్లీ పెరుగుతుంది. కూర ఉడికేటప్పుడు పొయ్యి మీట తిప్పినట్టు.

కొన్నింటికి ఈ మందూ పట్టదు. విండోస్ ఎక్స్‌పీలో చాలామంది ఆఫీసుల్లో ఆడుకొన్న పిన్‌బాల్ వుండేది గుర్తుందా? తరువాత వచ్చిన విస్టాలో అది లేకుండా పోయింది. అరవైనాలుగు బిట్లకు మార్చేసరికి బంతి దేన్నీ తాకకుండా, గోడల్లోంచి దయ్యంలా దూసికొని పోయిందట. పాత ప్రోగ్రాము బయటివాళ్లు రాసింది కావడంతో తప్పు ఎక్కడుందో అంతుపట్టక, ఆటనే తీసేశారని ఆ కంపెనీ ఇంజనీరు రేమండ్ చెన్ తరువాత రాశారు. అదే మైక్రోసాఫ్టు 2015లో, మన అనంతపురం జిల్లా యుగంధర్ గారి అబ్బాయి సత్య నాదెళ్ల పెత్తనంలో, పాత ఎక్స్‌బాక్స్ 360 ఆటలు కొత్త ఎక్స్‌బాక్స్ వన్ మీద ఆడే ఏర్పాటు చేసింది. దారి మాత్రం దాలిపాల దారే. కొత్త పెట్టె పాత పెట్టెగా నటించడం.

ఇక మన రాకుమారుడు. తెర మీదికి వచ్చీ రాగానే ఏదో తేడా అనిపించింది. పొట్టిగా, కాస్త లావుగా, వేసవి సెలవుల్లో అమ్మమ్మగారింట మెక్కి వచ్చిన పిల్లాడిలా వున్నాడు. మా పెద్దాడి తెర మీద సన్నగా రివటలా వుండేవాడే! నా చూపు మీద నెట్టబోయాడు గాని, నేను ఊరుకోలేదు. ఆ ఆట బొమ్మ అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలు. పాత గాజుతెర వాటిని నిలువుగా కొంచెం సాగదీసి చూపేది. కొత్త తెర చదరంగా చూపడంతో మనిషి కుదించుకొనిపోతాడు. డాస్‌బాక్స్ సెట్టింగుల్లో యాస్పెక్ట్ అనే చోట ట్రూ అని రాస్తే రాకుమారుడు మళ్లీ తన ఒడ్డూ పొడుగూ తెచ్చుకొన్నాడు. చాలామంది ఈ ఒక్క మాట రాయకుండా ఆడి, బొమ్మలు బాగా లేవని పెదవి విరుస్తారు. చీర తిరగేసి చూసి అంచు బాగా లేదన్నట్టు!

ఇంకొక తంటా. ఇందులో కత్తి విసరడానికి షిఫ్ట్ మీట. కొట్లాట ముదిరి అయిదుసార్లు నొక్కేసరికి, స్టిక్కీ కీస్ కావాలా అని విండోస్ మధ్యలో దూరి అడుగుతుంది. ఇక్కడ ప్రాణం పోతూ వుంటే, పెళ్లిభోజనంలో నెయ్యి వడ్డించేవాడిలా. ఆ సదుపాయాన్ని ముందే ఆపి కూర్చోవాలి.

ఇన్ని తంటాలు పడి నిలబెట్టిన తరువాత ఆటలో సరుకుందా? వుంది. మొదటి సంగతి ఆ నడక. మెక్నర్ 1985లో తన తమ్ముడు డేవిడ్‌కు తెల్లబట్టలు వేసి, పరుగెత్తించి, దూకించి, వీడియో తీశాడు. ఆ తీసిన ఒక్కొక్క భంగిమనూ గీసికొని బొమ్మగా మార్చాడు. అందుకే అంచు పట్టుకొని వేలాడేటప్పుడు ఆ కుర్రవాడి బరువు మనకు తెలుస్తుంది. పరుగెత్తుతూ వుండగా ఆగమంటే టక్కున ఆగడు, ఒక అడుగు జారి ఆగుతాడు. అంటే మనం మీట నొక్కింది బొమ్మకు కాదు, ఒక ఒంటికి. కత్తియుద్ధం 1938 నాటి 'రాబిన్‌హుడ్' సినిమాలోంచి గీసికొన్నది. సంగీతం మెక్నర్ తండ్రిగారిది. ఇంటిల్లిపాదీ కూర్చొని పెట్టిన ఆవకాయ లాంటి ఆట ఇది. పరిమాణం చూస్తే ఒక్క ఫ్లాపీలో, అంటే ఒకటిన్నర మెగాబైట్ల లోపు, ఇమిడిపోతుంది. మీ ఫోనులో మనవరాలి ఫొటో ఒక్కటి దీనికన్నా పెద్దది.

రెండో సంగతి ఆ నీడ. మెక్నర్ మొదట ఇందులో కొట్లాటే వద్దనుకొన్నాడు. టోమీ పియర్స్ అనే స్నేహితురాలు కొట్లాట కావలసిందేనని పోరింది. శత్రువు బొమ్మకు యంత్రంలో చోటు మిగల్లేదు. అప్పుడు రాకుమారుడి బొమ్మనే ఒక చుక్క పక్కకు జరిపి, దాని మీద అదే వేస్తే మెరిసే నీడలాంటి మనిషి పుట్టాడు. ఇంట్లో సరుకు నిండుకొన్న రోజునే మంచి వంట అవుతుందంటారు, అది ఇక్కడ నిజమైంది. నాలుగో అంతస్తులో ఒక అద్దం అడ్డం వస్తుంది. పరుగెత్తి దానిలోంచి దూకితే, రెండో వైపు నుంచి మనవాడి నీడ బయటపడి పారిపోతుంది. తరువాతి అంతస్తులో మన మందు అది తాగేస్తుంది. పన్నెండో అంతస్తులో కత్తి దూసి ఎదురు నిలబడుతుంది. దాన్ని పొడిస్తే మన ప్రాణమే తగ్గుతుంది! గెలవాలంటే కత్తి ఒరలో పెట్టి ఎదురు నడవాలి. అప్పుడు ఇద్దరూ ఒకటైపోతారు. ఈ ముక్క చెప్పడానికి ఆటలో ఒక్క మాట లేదు. చేతులతో కనిపెట్టవలసిందే. శత్రువు తానేనని తెలుసుకోవడం మన వేదాంతానికి కొత్త కాదు గాని, మీట వదిలెయ్యడమనే ఒక చేతిపనిగా దాన్ని మార్చినవాడు మాత్రం గట్టివాడు.

మరి రాకుమారి? అక్కడ నాకు పేచీ వుంది. సుల్తాను యుద్ధానికి పోయాడు, వజీరు జాఫర్ ఆవిడను గదిలో పెట్టి గంట గడువిచ్చాడు: పెళ్లో చావో. ఆ గంటసేపూ ఆవిడ ఇసుక గడియారం ముందు కూర్చొని వుంటుంది. కథ ఆవిడది, గంట ఆవిడది, పరుగు మాత్రం ఆయనది. ఆవిడ చేసే పని ఒక్కటే, ఎనిమిదో అంతస్తులో తలుపు మూసికొనిపోయి మనవాడు చిక్కుబడితే ఒక ఎలుకను పంపుతుంది. దమయంతికి హంస, ఈవిడకు ఎలుక. ఆ ఎలుక వచ్చి మీట తొక్కితే తలుపు లేస్తుంది.

అక్కడ నేను చాలాసేపు అటూ ఇటూ దూకి, చివరికి డాలస్‌లో వున్న మా పెద్దాడికి ఫోను చేశాను. అవతల కొంచెంసేపు నిశ్శబ్దం. "ఎవరు ఆడుతున్నారే?" అన్నాడు.

"నేనే."

"నువ్వా? ఎనిమిదో లెవెల్ దాకా వచ్చావా!" అని, గొంతు తగ్గించి, "అక్కడేమీ చెయ్యకమ్మా. ఊరికే నించో. వస్తుంది" అన్నాడు. ఏమీ చెయ్యకుండా నిలబడటం నేర్పవలసిన అవసరం నాకు లేదు, ఆ విద్యలో నాకు ముప్పై ఏళ్ల అనుభవం వుంది, అన్నాను. వాడు నవ్వాడు గాని, ఆ నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చింది.

దొంగదారులూ వున్నాయి. ఆట మొదలుపెట్టేటప్పుడు పేరు పక్కన 'మెగాహిట్' అని రాస్తే అన్ని దారులూ తెరుచుకొంటాయి. మెగా అనే మాట మనవాళ్లకు కొత్తేం కాదు గనక పిల్లలందరికీ నోటికి వచ్చు. కొన్ని కొత్త సాధనాల్లో ఎక్కడికక్కడ భద్రపరచుకొని, చచ్చినప్పుడల్లా అక్కడి నుంచే లేచే వీలుంది. నేను దాన్ని ఒప్పుకోను. అసలు ఆటలో మూడో అంతస్తుకు చేరాక భద్రపరచుకోవడం వుంది, అది చాలు. గంట గడువున్న కథలో చావు చవకైపోతే ఆ గంటకు అర్థం లేదు. మేకుల గొయ్యి ముందు ఒక్కొక్క అడుగూ వేయించే ఆ భయమే ఈ ఆటకు రసం.

అసలు అమ్మినవాళ్లే పెట్టిన తాళం ఇంకొకటి. మొదటి అంతస్తు దాటగానే నేల మీద అక్షరాలున్న గదిలో మందు సీసాలుంటాయి. ఆటతో వచ్చిన పుస్తకంలో ఫలానా పుట, ఫలానా పంక్తి చూసి సరైన అక్షరం దగ్గర తాగితేనే తలుపు తెరుచుకొంటుంది. పుస్తకం పోగొట్టుకొన్నవాడు, డబ్బు పెట్టి కొన్నా సరే, అక్కడే ఆగిపోవాలి. ఫ్లాపీ నుంచి ఫ్లాపీకి ఎక్కించుకొన్నవాళ్లు ఆ తాళం పగలగొట్టుకొన్నారు. దొంగతనాన్ని మెచ్చుకోవడం కాదు గాని, ఇవాళ బతికి బట్టకట్టిన ప్రతుల్లో తాళం ఊడినవే సుఖంగా ఆడతాయన్నది వాస్తవం. 2015 జనవరిలో అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ రెండు వేలకు పైగా డాస్ ఆటల్ని ఎవరైనా బ్రౌజరులోనే ఆడుకొనేట్టు పెట్టింది.

ఇంత యాతన ఎందుకు, కొత్తగా తీసినవి ఆడరాదూ అంటారు. 2010లో మన 'మాయాబజార్'కు రంగులు వేసినప్పుడూ ఈ తగువు వచ్చింది. రంగుల్లో చూసి మురిసినవాళ్లున్నారు, 1957 నాటి వెన్నెలే చాలన్నవాళ్లున్నారు. మార్చడమే తప్పని నేననను. గురజాడవారు 1897లో అచ్చువేసిన 'కన్యాశుల్కా'న్ని 1909లో దాదాపు తిరగరాశారు. మనం చదివేది ఆ రెండోదే. కానీ అక్కడ తిరగరాసినవాడు రాసినవాడే! 2007లో వచ్చిన కొత్త 'ప్రిన్స్'కు నగిషీలు ఎక్కువ. పాత అంతస్తులే, అయినా కళ్లు అలంకారాల మీదికి పోతాయి, కాళ్ల మీదికి పోవు. ఈ వరసలోదే 2003 నాటి 'శాండ్స్ ఆఫ్ టైమ్' ఆటను తిరిగి చేసే పని పుణే, ముంబై స్టూడియోలకు అప్పగించినట్టు 2020లో ప్రకటించారు. మనవాళ్ల చేతిలో పడిందని సంతోషించేలోగా 2022లో మాంట్రియల్‌కు తరలించారు. నా ఓటు డాస్‌బాక్స్ ప్రతికే. తెలిసినవాళ్లు ఆట లోపలి లెక్కలన్నీ విప్పి, ఇప్పటి యంత్రాలకు నేరుగా తిరిగి రాసిన ప్రతి గూడా ఒకటి వుంది. నడక చెడగొట్టలేదు గనక దానికి రెండో స్థానం ఇస్తాను.

మెక్నర్ మొదట రాసిన యాపిల్ ప్రతి చాలా ఏళ్లు కనబడలేదు. 2012లో ఆయన తండ్రిగారు ఇంట్లో అల్మారా వెనక ఒక పెట్టె దొరికితే కొడుక్కి పంపారు. అందులో పాత ఆటల పెట్టెలతోపాటు ఆ ఫ్లాపీలున్నాయి. పాత సామగ్రి తెలిసినవాళ్లు పాత డ్రైవులు తగిలించి వాటిని చదివారు. అదే ఏడు ఏప్రిల్‌లో మెక్నర్ ఆ ప్రోగ్రామంతా లోకానికి విడిచిపెట్టాడు. ఇరవై మూడేళ్లు ఆ ఇంట్లో ఎవరూ ఆ పెట్టెను పాత సామానువాడికి తూకానికి వేయలేదు! మన ఇళ్లల్లో అటక మీదున్నది ఏది వుండాలో, ఏది పోవాలో తేల్చేది ఎవరో చెప్పనక్కరలేదు గదా. మా అటక మీదా ఫ్లాపీల డబ్బా ఒకటుంది. పైన మా పెద్దాడి దస్తూరీలో ఆటల పేర్లు. తీసి చూస్తే రెండింటి మీద తెల్లగా బూజు. వాటిని చదివే డ్రైవు కోసం మా అక్క కొడుకు గుంటూరులో వాకబు చేస్తున్నాడు. పాత డీటీపీ సెంటరు వాళ్ల దగ్గర వుండవచ్చన్నారు. ఈలోగా వాటిని ఎండలో పెట్టవద్దనీ, గుడ్డతో రుద్దవద్దనీ, బూజు పట్టినవాటిని మంచివాటితో కలపవద్దనీ చెప్పి వెళ్లాడు. మిరపకాయల సంగతిలాగే వుంది, విడివిడిగా రెండు సంచుల్లో కట్టి బీరువాలో పెట్టాను.